పరిశోధనాక్రమము – కళాశాల విద్యార్థి: బోధన్ పురనామ విచారము నిదర్శనముగా

తెలంగాణలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులు చేయు అధ్యయన ప్రాజెక్టులకు కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ అను పేరు పెట్టినది. ఆ పేరు పెట్టినవారు వ్యాకరణ ప్రక్రియను తలచిరో లేదో కాని, పరిశోధన యెట్లుండవలెనో చెప్పుటకు ఇంతకంటె తగిన పదము దొరకదు. జ్ఞా ధాతువుపై ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయము వచ్చి, ద్విత్వాదులు జరిగి, పిమ్మట స్త్రీలింగమున భావార్థక ప్రత్యయము చేరగా ‘జిజ్ఞాస’ యేర్పడును. అయితే పాణిని ఈ సన్ ప్రత్యయమును విధించుచు ఒక నియమము చేసినాడు. కోరిక యెవరిదో, కోరబడిన క్రియకు కర్తయు వారే కావలెను. దేవదత్తుడు తెలిసికొనవలెనని యజ్ఞదత్తుడు కోరినచో అక్కడ సన్ రాదు. వాక్యముగానే చెప్పుకొనవలసి యుండును.

ఈ నియమమును కళాశాలకు అన్వయించి చూచినచో నేటి విద్యార్థి పరిశోధనలలోని ప్రధానలోపము బయటపడును. అంశమును అధ్యాపకుడే నిర్ణయించి, ప్రకరణముల పేర్లును తానే చెప్పి, పుస్తకములను తానే చూపినచో ‘విద్యార్థి తెలిసికొనవలెనని అధ్యాపకుడు కోరుచున్నాడు’ అను వాక్యము మాత్రమే మిగులును. కర్త వేఱు, ఇచ్ఛ వేఱు. అట్టి చోట పుట్టునది ముప్పది పుటల వ్రాతప్రతియే. దానికి మంచి అట్ట వేయించి సమర్పించుటతో పని ముగియును. ఆ పుటలలో ఒక్క ప్రశ్నయు ఉండదు.

బాన్సువాడ వంటి పట్టణములలో ఈ స్థితికి కారణములు లేకపోలేదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో నుండి 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముగాని, ప్రాచ్యలిఖిత గ్రంథాలయముగాని చేరువలో లేవు. డిచ్‌పల్లిలో 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయము ఈ ప్రాంతపు విద్యార్థులకు దగ్గరిది. అయినను పరిశోధనకు కావలసిన సంపద గ్రంథాలయములలోనే యుండునను భావము సరికాదు. మంజీర ప్రవహించు ఈ సీమలో, బిచ్కుంద, మద్నూరు, జుక్కలు వైపు నుండి వచ్చు విద్యార్థులలో కొందఱికి ఇంట కన్నడమో మరాఠీయో వాడుకలో నున్నది. రాజధానిలోని పరిశోధకుడు పదేండ్లు శ్రమించి నేర్చుకొను భాష వీరికి తల్లి యొడిలోనే లభించినది. ఆ కన్నడము ఎందులకు పనికివచ్చునో ముందు తెలియగలదు.

మొదట తెలిసికొనవలసినది విషయమునకును సంశయమునకును గల భేదము. ‘బాన్సువాడ ప్రాంత చరిత్ర’ అనునది విషయము. దానిని గూర్చి ఎంతయైనను వ్రాయవచ్చును, ఏమియు తేల్చకుండవచ్చును. మీమాంసకులు అధికరణమునకు చెప్పిన అంగములలో విషయమునకు వెంటనే సంశయమును నిలిపినారు. తరువాత పూర్వపక్షము, ఉత్తరపక్షము. అయిదవది సంగతి యని కొందఱు, నిర్ణయమని కొందఱు. అయిదవదానిపై వివాదము కలదు గాని రెండవదానిపై లేదు. సంశయము లేనిచో విచారమే పుట్టదు. శబరస్వామి తన భాష్యారంభమున ఈ మాటను మఱింత సూక్ష్మముగా చర్చించినాడు. పూర్తిగా తెలిసిన వస్తువును గూర్చి జిజ్ఞాస వ్యర్థము. బొత్తిగా తెలియని వస్తువును గూర్చి జిజ్ఞాస అసంభవము. సగము తెలిసి, ఆ తెలిసినదానిలో విరోధము కనిపించినప్పుడే విచారమునకు చోటు కలుగును. న్యాయసూత్రకారుడు సంశయ కారణములలో చెప్పిన విప్రతిపత్తి ఇదియే: ఒకే వస్తువును గూర్చి పరస్పరవిరుద్ధమైన మాటలు వినబడుట.

బాన్సువాడ విద్యార్థికి అట్టి విప్రతిపత్తి పొరుగుననే కలదు. అది బోధన్ పట్టణపు పూర్వనామము. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురమే బోధనని స్థానికులు చెప్పుదురు. ఆ ఊరిలోని చక్రేశ్వరాలయమును, రాకాసిపేట యను పేటను అందులకు సాక్ష్యముగా చూపుదురు. ప్రాచీన అశ్మక జనపదమునకు రాజధానియైన పోతనమే బోధనని చరిత్రకారులు కొందఱు అందురు. బాహుబలి యేలిన పౌదనపురమే యిదియని దిగంబర జైన సంప్రదాయమును అనుసరించువారు మఱికొందఱు అందురు. ఊరు ఒక్కటే, పూర్వనామములు మూడు. మూడును ఒకేసారి సత్యములు కావచ్చునా? కానిచో ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము? ఇప్పుడు విషయము ప్రశ్నగా మారినది. డిగ్రీ విద్యార్థికి ఉన్న మూడునాలుగు నెలల కాలములో ఈ ప్రశ్న మొత్తము తేలదు. అందులో ఒక భాగమును, ‘బోధన్ ఏకచక్రపురమనుటకు ఆధారమేమి?’ అనుదానిని, తీసికొన్నను చాలును. ప్రశ్న చిన్నదగుట దోషము కాదు. ఒక్కొక్క అధికరణమున మీమాంసకులు తేల్చినది ఒక్కొక్క వాక్యార్థమునే కదా!

తరువాతిది పూర్వపక్షము. నేటి సిద్ధాంతగ్రంథములలో ‘పూర్వపరిశోధనల సమీక్ష’ అను ప్రకరణము తప్పక కనిపించును. ఫలానావారు ఫలానా గ్రంథమును వ్రాసిరను పట్టికకు మించి అందులో ఏమియు నుండుట లేదు. శాస్త్రములలో పూర్వపక్షమనగా పట్టిక కాదు. ప్రతివాది మాటను, అతడు చెప్పగలిగినంత బలముగా, అవసరమైనచో అతనికంటెను బలముగా నిలబెట్టుట. వాచస్పతిమిశ్రుడు న్యాయమున వ్రాసినప్పుడు నైయాయికుడే, సాంఖ్యమున వ్రాసినప్పుడు సాంఖ్యుడే, అద్వైతమున వ్రాసినప్పుడు అద్వైతియే. పరపక్షమును లోపలి నుండి చూడగల శక్తి వలననే ఆయనకు సర్వతంత్రస్వతంత్రుడను ప్రసిద్ధి కలిగినది. ఏకచక్రపుర వాదమును ఖండింపదలచిన విద్యార్థి ముందుగా బోధన్ వెళ్లి ఆ వాదమును చెప్పు పెద్దల నోట దానిని సమగ్రముగా వినవలెను. విన్నది ఏ దినమున, ఏ చోట, ఎవరి నోట విన్నాడో వ్రాసికొనవలెను. ఒకరు చెప్పిన కథకును మఱియొకరు చెప్పిన కథకును గల భేదమును సరిచేయక అట్లే యుంచవలెను. తాళపత్రప్రతుల విషయమున పాఠభేదమును ఎంత జాగ్రత్తగా చూపుదుమో, నోటిమాట విషయమునను అంతే.

ఇక ప్రమాణ బలాబలములు. పరిశోధనకు ప్రాణమిదియే కనుక ఇక్కడ కొంత నిలువవలెను. ఏది దేనికి అంగమో నిర్ణయించుటకు జైమిని ఆరు ప్రమాణములను చెప్పినాడు: శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య. వీనిలో రెండు విరోధించినప్పుడు వెనుకటిది ముందటిదానికంటె దుర్బలము. అర్థమునకు అది ఎక్కువ దూరమగుటయే కారణము. అన్నిటికంటె చివరిది, అన్నిటికంటె దుర్బలమైనది సమాఖ్య, అనగా పేరు. జైమిని యజ్ఞకర్మలను గూర్చి చెప్పినాడే కాని ఊళ్ల చరిత్రను గూర్చి చెప్పలేదు. అయినను ఈ తారతమ్యమును స్థలచరిత్రకు అన్వయించినచో విద్యార్థికి గొప్ప మేలు కలుగును. మన స్థలచరిత్రలలో నూటికి తొంబది పేరుల పోలికపైననే నిలిచియున్నవి. పేరు పోలినంత మాత్రమున ఊరు దొరికినదని సంతోషించుట, అన్నిటికంటె దుర్బలమైన ప్రమాణమును అన్నిటికంటె ముందు నిలుపుటయే యగును.

ఏకచక్రపుర వాదమునకు ‘బోధన్’ అను పేరులో సమాఖ్య కూడ లేదు. ఆలయమును, పేటయును మాత్రము ఆధారములు. ప్రకరణమును చూతము. ఆదిపర్వమున పాండవులు వారణావతములోని లక్కయింటి నుండి తప్పించుకొని, గంగను దాటి, అడవులలో తిరిగి ఏకచక్రమును చేరుదురు. అక్కడ బ్రాహ్మణుని యింట నుండి బకవధానంతరము పాంచాలదేశమునకు ద్రౌపదీ స్వయంవరమునకై బయలుదేరుదురు. ముందు వెనుకలు రెండును ఉత్తరదేశములే. నడుమ గోదావరీ మంజీరల సీమకు వచ్చినట్లు కథలో సూచన లేదు. పైగా ఏకచక్రమను గౌరవమును బోధన్ ఒక్కటియే కోరుట లేదు. వంగదేశపు బీర్భూమ్ సీమలో ఆ పేరుతోనే ఒక గ్రామమున్నది. కనుక ప్రకరణ విరోధము వలన ఈ పక్షము నిలువదు.

అంతమాత్రమున ఆ కథను త్రోసివేయుట పరిశోధన కాదు. అసలైన ప్రశ్న ఇప్పుడే పుట్టుచున్నది. బోధనులో ఈ కథ ఎప్పుడు పుట్టినది? చక్రేశ్వరుడను పేరు ముందా, ఏకచక్రమను కథ ముందా? ఇక్కడ ఒక ఆకర్షణ కలదు, దానిని గూర్చి హెచ్చరిక అవసరము. జైన సంప్రదాయమున చక్రేశ్వరి యను యక్షి ప్రసిద్ధ, ఆదితీర్థంకరుని శాసనదేవత. ఒకప్పుడు ఈ సీమలో జైనము వర్ధిల్లినది. కనుక చక్రేశ్వరియే కాలక్రమమున చక్రేశ్వరుడైనదని చెప్పిన బాగుండునని చురుకైన విద్యార్థికి వెంటనే తోచును. ఊహ అందముగానే యున్నది. కాని ఆ దేవాలయము పూర్వము జైనమనుటకు వేఱొక ఆధారము చూపనిచో, సాధింపవలసినది ఎంత అసిద్ధమో హేతువును అంతే అసిద్ధము. నైయాయికులు దీనిని సాధ్యసమమనిరి. దీనిని సంశయముగా వ్రాసికొని ప్రక్కన పెట్టవలెను, సిద్ధాంతముగా ముద్రింపరాదు. ఒక ప్రాజెక్టులో ఊహగా వ్రాసినది తరువాతి ప్రాజెక్టులో ‘పండితాభిప్రాయము’, ఆ తరువాతిదానిలో ‘చరిత్ర ప్రసిద్ధము’ అగుట అందఱును ఎఱిగినదే.

పోతన పక్షము వేఱు విధమైనది. భారతమున వసిష్ఠానుగ్రహమున కల్మాషపాదుని రాణికి జన్మించిన అశ్మకుడు ఒక నగరమును నిర్మించినట్లున్నది. ఆ నగరమునకు ప్రచలిత పాఠమున పౌదన్యమని పేరు. పూనా భండార్కరు సంస్థ వారి పరిశోధిత ప్రతిలో పోతనమని పాఠము. సుఖ్తంకరు సంపాదకత్వమున ఆదిపర్వము 1933లో వెలువడినది. విద్యార్థి ఏ ప్రతిని చూచుచున్నాడో తెలియకుండ ‘భారతమున ఇట్లున్నది’ అనుట ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క పాఠభేదమే చెప్పును. బౌద్ధుల పాలి గ్రంథములలోను అశ్మకుల నగరము పోతనమే. ఆ దేశము గోదావరీతీరమున ఉన్నట్లు సుత్తనిపాతము వలన తెలియుచున్నది. మంజీర గోదావరిలో కలియు కందకుర్తి బోధనుకు దగ్గరలోనిదే. హేమచంద్ర రాయచౌధురి ఆ సంగమమునకు దక్షిణముననున్న బోధనును పోతనముగా గుర్తింపవచ్చునని సూచించినాడు. ఇక్కడ పేరు పోలిక ఒంటరిగా లేదు. జనపదమను ప్రకరణము, నదీతీరమను స్థానము దానికి తోడైనవి. అందుచేత ఈ పక్షము యుక్తము. అయినను సిద్ధమనుటకు ఇంకను ఒక అంతరము పూడవలసియున్నది.

పౌదనపుర పక్షమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. బాహుబలి రాజధాని దిగంబరులకు పౌదనపురము, విమలసూరి ప్రాకృత రామాయణమైన పఉమచరియమున తక్షశిల. సంప్రదాయములోనే ద్వైవిధ్యమున్నప్పుడు భూగోళ నిర్ణయమునకు అది ఆధారము కాజాలదు. శ్రవణబెళగొళ విగ్రహమునకు మూలప్రేరణ పౌదనపురములోని విగ్రహమే యను కథ భక్తుల గౌరవమునకు పాత్రము. విద్యార్థి దానిని కథగానే పేర్కొనవలెను.

పదవ శతాబ్దికి వచ్చుసరికి నేల గట్టిపడును. వేములవాడ చాళుక్యుల యాస్థానమున అరికేసరి ప్రాపున పంపకవి కన్నడమున విక్రమార్జున విజయమును క్రీ.శ. 941 ప్రాంతమున రచించినాడు. శకవర్షము 888, అనగా క్రీ.శ. 966 నాటి పర్భణి తామ్రశాసనము తరువాతి అరికేసరిది. యశస్తిలకచంపూకర్త సోమదేవసూరికి చేసిన దానమును తెలుపునది. ఆ వంశపు పూర్వపురుషుడైన యుద్ధమల్లుడు బోధనలో నూనె నింపిన కొలనులో ఏనుగులకు స్నానము చేయించెడివాడని వీనియందు కీర్తింపబడినది. ఇంట కన్నడమున్న బాన్సువాడ విద్యార్థి ఇప్పుడు అక్కఱకు వచ్చును. హళెగన్నడము నేటి కన్నడము కాదు గాని, భాష వినికిడి యున్నవానికి పెద్దలొకరి సాయముతో ఆ పద్యము అందకపోదు. తెలుగు చరిత్రగ్రంథములోని సంగ్రహమును ఎత్తి వ్రాయుట కంటె ఒక్క పద్యమును మూలమున చదువుట మేలు.

ఆ మాటను ఎట్లు గ్రహింపవలెను? ఏనుగులకు నూనె స్నానమనగానే ఒక విద్యార్థి నమ్మి, ఆ కొలనును వెదకబోవును. మఱియొకడు నవ్వి, శాసనమే అబద్ధమనును. మీమాంస చదివినవాడు ఈ రెండును చేయడు. అది అర్థవాదము. స్తుతియందు దాని తాత్పర్యము. స్తుతి దేనిని ఆశ్రయించి నిలిచినదో దానిని వేఱుచేసి చూడవలెను. నూనె యెంత, ఏనుగులెన్ని యనునవి స్తుతిభాగములు. ఊరి పేరు స్తుతికి అవసరము లేనిది, అయినను చెప్పబడినది. అందుచే తమ మూలపురుషునకు బోధనతో సంబంధమున్నదని ఆ వంశమువారు నమ్మిరనుట గ్రాహ్యమగుచున్నది. ఇంకొక జాగ్రత్తయు కావలెను. యుద్ధమల్లునకును ఈ రచనలకును నడుమ సుమారు రెండు శతాబ్దుల దూరము. రెండు రచనలును ఒకే రాజకుటుంబపు ప్రశస్తి నుండి పుట్టినవి. కనుక ఇవి రెండు సాక్ష్యములు కావు. ఒకే సాక్షి రెండుసార్లు పలికినట్లు. సాక్ష్యములను లెక్కించుటకు ముందు వాని మూలములు వేఱువేఱా యని అడుగుట విద్యార్థి నేర్వవలసిన విద్యలలో ముఖ్యమైనది.

ఒక్క ఆధారము ఎంత మార్పు తేగలదో తెలియుటకు ఈ వంశచరిత్రలోనే ఉదాహరణమున్నది. కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్టపై పంపకవి సోదరుడు జినవల్లభుడు వేయించిన శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో నున్నది. నేలటూరి వేంకటరమణయ్య దానిని ‘ఎపిగ్రాఫియా ఆంధ్రికా’ రెండవ సంపుటములో ప్రకటించినారు. అందులోని తెలుగు కందపద్యములు నన్నయకు నూఱేండ్లకు పైగా ముందటివి. కందము నన్నయ చేతనే తీరినదను భావనకు అంతటితో ఆధారము పోయినది. శతాబ్దుల పాటు ఎండకు వానకు నిలిచిన ఆ అక్షరములకు నేడు రాళ్ల కొట్టుడు వలనను, చూడవచ్చినవారి సుద్దముక్కల వలనను, సున్నము వలనను హాని కలుగుచున్నది. విద్యార్థి ఏ శాసనమునకు వెళ్లినను అక్షరములపై సుద్ద రాయరాదు. ప్రొద్దుటనో సాయంకాలముననో వెలుగు ప్రక్కనుండి పడు వేళ ఫోటో తీసినచో, పూయనక్కరలేకయే అక్షరములు తేటపడును.

వ్రాతను గూర్చి. రఘువంశాదులకు వ్యాఖ్యాతయైన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రసిద్ధి. మంజీర మండలమువాడే యనవచ్చును. మూలము లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని చెప్పననియు ఆయన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసినాడు. ఆ రెండు నియమములలో మొదటిదానిని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2018 నాటి నిబంధనలలో శాతములుగా మార్చినది: పోలిక నూటికి పది లోపలనున్నచో దండనము లేదు, అంతకు మించినచో పదినుండి నలుబది, నలుబదినుండి అఱువది, ఆపైన అని అంతస్తులు. కంప్యూటరు పోలికను పట్టగలదు కాని మూలమును పట్టలేదు. ఇతరుని వాక్యమును మాటలు మార్చి వ్రాసినవాడు యంత్రమునకు దొరకడు. గ్రంథనామము, పుట చెప్పి ఆ వాక్యమునే యుంచినవాడు ఒక్కొక్కప్పుడు దొరకును! కనుక శాతమును చూచి మురియక, ప్రతి వాక్యము దగ్గరను ‘ఇది నీకెట్లు తెలిసినది?’ అని అధ్యాపకుడు అడుగవలెను. చదివినది, చూచినది, విన్నది, ఊహించినది అని నాలుగు రకముల చీటీలు విద్యార్థి వేఱువేఱుగా వ్రాసికొన్నచో జవాబు సులభమగును. మల్లినాథుని రెండవ నియమమును ఏ నిబంధనయు పట్టించుకొనలేదు. ఊరి చరిత్ర వ్రాయుచు ముందు భారతదేశ చరిత్రను పది పుటలు చెప్పుట దాని ఉల్లంఘనమే.

మఱియొక చిక్కు శాస్త్రములలో లేనిది కాదు గాని కళాశాలలో ఎక్కువగా బాధించునది. బోధన్ ఏకచక్రపురము కాదని ఆ ఊరి విద్యార్థియే వ్రాయవలసి వచ్చినప్పుడు అతడు ఎవరి యెదుట వ్రాయుచున్నాడు? తండ్రి, తాత, గుడి పూజారి, ప్రాజెక్టుకు బహుమతి నిచ్చు సభ: అందఱును ఆ కథనే వినగోరుదురు. న్యాయశాస్త్రము కథను వాదము, జల్పము, వితండయని మూడుగా విభజించినది. తత్త్వమును తెలియగోరువారిది వాదము, గెలువగోరువారిది జల్పము, తనకొక పక్షమే లేక ఖండించువానిది వితండ. ఊరిని మెప్పించుటకు వ్రాసినది జల్పమగును. ఊరిని నొప్పించుటకే వ్రాసినది వితండ యగును. స్థలపురాణమును చరిత్రగా వ్రాయించు అధ్యాపకుడును, దానిని మూఢవిశ్వాసమని కొట్టివేయించు అధ్యాపకుడును విద్యార్థిని వాదము నుండి సమానముగా దూరము చేయుచున్నారు. వీరిలో రెండవవాడు తాను ఆధునికుడనని భావించుట ఒక్కటియే భేదము.

పైన చెప్పిన అంతరము ఇంకను పూడలేదు. పాలి గ్రంథముల పోతనమునకును పంపకవి నాటి బోధనకును నడుమ వేయి సంవత్సరములకు పైబడిన కాలమున్నది. ఆ నడుమ ఈ పేరును పట్టుకొని వచ్చిన శాసనమేదైన దొరకవలెను. లేదా త కారము ద కారమై, పకారము బకారమై, దకారమునకు ఒత్తు చేరిన క్రమమును ఇతర గ్రామనామములలో చూపవలెను. రెండవపని బాన్సువాడలో కూర్చుండియే మొదలుపెట్టవచ్చును. మంజీరకు ఇరువైపులనున్న గ్రామముల పేర్లను, రైతులు పలుకునట్లుగాను, పహాణీలలో వ్రాసియున్నట్లుగాను, శాసనములలో కనబడునట్లుగాను మూడు వరుసలలో వ్రాసి పోల్చుటకు ఒక్క సెమిస్టరు సరిపోవును.